చేపను చంపింది నాగరికత కాదు

మన సభల్లోనూ, మన పత్రికల్లోనూ ప్రకృతి విధ్వంసం గురించి రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. మొదటివి అభివృద్ధివాదుల మాటలు. కడుపు నిండని దేశంలో చేపల గురించీ, వాగుల గురించీ మాట్లాడటం తీరిక వున్నవాళ్ల వేడుక అని వీరంటారు. ఫ్యాక్టరీ లేస్తే పొగ వస్తుంది, రోడ్డు పడితే వాగు చెడుతుంది, చరిత్ర ముందుకు నడవాలంటే ఆ మాత్రం మూల్యం చెల్లించక తప్పదు. ఇదీ వీరి వరస. వీరిలో కొందరు తమను మార్క్సిస్టులనుకుంటారు కూడా. రెండోవి విలాపవాదుల మాటలు. మనిషి దురాశాపరుడు, ప్రకృతి తల్లి, నాగరికత పేరుతో బిడ్డే తల్లిని చంపుతున్నాడు అని వీరు కవితలు రాస్తారు, కంటతడి పెడతారు.

ఈ రెండు పక్షాలకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని చాలామంది నమ్మకం. నా వాదన వేరు. ఇద్దరూ ఒకే మాట చెపుతున్నారు. అభివృద్ధీ, నది చావూ ఒకే మూటలో కట్టి వున్నాయనీ, ఒకటి కావాలంటే రెండోది భరించక తప్పదనీ ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. ఒకరు ఆ మూటను భుజాన వేసుకుని నడవమంటారు, ఇంకొకరు దాని పక్కన కూచుని ఏడవమంటారు. మూట విప్పి చూద్దామని మాత్రం ఇద్దరికీ తోచదు.

విప్పి చూడటానికి నేనొక వుదాహరణ తీసుకుంటాను. అది మన దేశానిది కాదు. అమెరికా వాయవ్య తీరాన వాషింగ్టన్ రాష్ట్రంలో, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఒడ్డున వున్న సియాటిల్ నగరానిది. అంత దూరం ఎందుకంటే, అక్కడ ఒక చేప చావుకు కారణం ఆనవాలు కట్టారు. ఫలానా వస్తువు, ఫలానా రసాయనం అని తేలింది. నేరం రుజువైన కేసు మీద చర్చిస్తే గాలి మాటలకు అవకాశం తగ్గుతుంది.

ఆ చేప పేరు కోహో సాల్మన్. మన గోదావరి పులస సంగతి తెలిసిన పాఠకులకు దాని ప్రయాణం కొత్త కాదు. పులస సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టటానికి నదిలోకి ఎదురీదుతుంది, సాల్మన్ కూడా అంతే. ఐతే పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టిన తరవాత తిరిగి సముద్రం చూడదు, అక్కడే చనిపోతుంది. కోహో పిల్ల వాగులో పుట్టి, ఏడాదికి పైగా ఆ వాగులోనే పెరిగి, సముద్రంలోకి వెళ్లి, సాధారణంగా మూడో ఏట పుట్టిన వాగుకే వస్తుంది. ఆడచేప గులకరాళ్లలో తోకతో గుంట తవ్వి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లకు చల్లని నీరు కావాలి, రాళ్ల సందుల్లో ఆగకుండా పారే నీరు కావాలి. బతుకు ముగిసిన చేపల కళేబరాలను ఎలుగుబంట్లూ, పక్షులూ తింటాయి. వాటిలోని నత్రజని ఒడ్డున వున్న చెట్లకు ఎరువౌతుంది. సముద్రపు సారాన్ని అడవికి మోసే కూలీ ఈ చేప.

ఈ వాగులున్న చోట నగరం వచ్చింది. నగరం వస్తే వాగుకు ఏమౌతుందో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారూ, ఇతరులూ దశాబ్దాల పాటు పరిశోధించారు. అడవి నేలలో వాన చాలావరకు ఇంకిపోతుంది. భూమిలోంచి నెమ్మదిగా వూరి, వేసవిలో కూడా వాగును బతికిస్తుంది. అడవి నరికి తారూ, సిమెంటూ పరిస్తే అదే వాన నిమిషాల మీద గొట్టాల్లోంచి వాగులోకి దూకుతుంది. చిన్న వానకే పెద్ద వరద. వరద గులకరాళ్లను దొర్లిస్తుంది, వాటితోపాటు గుడ్లూ పోతాయి. మిగిలిన గుడ్ల మీద బురద పేరుకుని వూపిరాడనివ్వదు. వేసవి వస్తే వాగు ఎండుతుంది. పరీవాహక ప్రాంతంలో నీరు ఇంకని నేల నూటికి పదిపాళ్లకు చేరేసరికే వాగు చెడిపోయినట్టు కంటికి కనిపిస్తుందనీ, ఐతే చెడటం అంతకు ఎంతో ముందే మొదలౌతుందనీ ఆ పరిశోధనలు తేల్చాయి.

ఇది ప్రకృతి నియమమేగదా, దీనికి వర్గదృష్టి ఎందుకు అని అభివృద్ధివాది అడగవచ్చు. వాన పల్లానికి పారటం ప్రకృతి నియమమే. పల్లం ఎవరి ఇంటి వైపు వుండాలో మనుషులే నిర్ణయించారు. 1916లో ఓడల కాలవ కోసం వాషింగ్టన్ సరస్సు మట్టాన్ని సుమారు తొమ్మిది అడుగులు దించారు. ఆ సరస్సు నుంచి పారే బ్లాక్ నది ఎండిపోయింది. దాని ఒడ్డున డువామిష్ ప్రజల గ్రామాలుండేవి. నది ఎండితే చేప రాదు, చేప రాకపోతే వూరు నిలవదు. ఓడల యజమానులకు అది అభివృద్ధే. డువామిష్ ప్రజలను ఎవరూ అడగలేదు. మూల్యం చెల్లించాలి, చెల్లించాలి అనేవాళ్లు చెల్లించేదెవరో మాత్రం ఎప్పుడూ చెప్పరు.

ఇక అసలు కథ. 1990ల నాటికి సియాటిల్ నగరవాసులకు తమ వాగుల మీద మక్కువ కలిగింది. నగరపాలక సంస్థా, స్వచ్ఛంద కార్యకర్తలూ కలిసి లాంగ్‌ఫెలో వాగు వంటి వాటిని బాగుచేశారు. చెత్త తీశారు, ఒడ్డున మొక్కలు నాటారు, చేపలు దాగటానికి దుంగలు వేశారు, దారికి అడ్డమైన తూములు తొలగించారు. నిజంగానే చేపలు తిరిగివచ్చాయి. వచ్చి, చచ్చాయి. శరదృతువులో మొదటి వానలు పడగానే పెద్దచేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి, వూపిరాడనట్టు కొట్టుకుని, తూలి, గంటల్లో ప్రాణాలు విడిచాయి. ఆడచేపల కడుపుల్లో గుడ్లు ఇంకా నిండుగానే వున్నాయి. 2002 నుంచి 2009 దాకా ఏటా లెక్కపెడితే, వచ్చిన కోహోల్లో నూటికి అరవై నుంచి నూరు దాకా గుడ్లు పెట్టకుండానే పోతున్నాయని తేలింది. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఇంతకంటే వుదాహరణ ఏం కావాలి! ఒడ్డుకు పూలమొక్కలు, నీటికి విషం.

శాస్త్రజ్ఞులు ముందు అనుమానించినవేవీ నిలవలేదు. జబ్బు కాదు, వేడి కాదు, ప్రాణవాయువు కొరత కాదు, పురుగుమందులూ కాదు. రోడ్డు మీద పారిన వాననీటిలో వేస్తే ఆరోగ్యంగా వున్న చేప కూడా చస్తుందనీ, అదే నీటిని ఇసుకా, కంపోస్టూ, చెట్టుబెరడూ కలిపిన మట్టిలోంచి వడగడితే బతుకుతుందనీ 2016 నాటికి రుజువు చేశారు. ఆ తరవాత టైర్ల అరుగుదల పొడి మీద దృష్టి పెట్టారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని రెండు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వారూ, వారి సహచరులూ టైరు పొడి నానిన నీటిలోని 2,000కు పైగా రసాయనాలను భాగాలుగా విడదీస్తూ, ఏ భాగం చేపను చంపుతున్నదో చూసుకుంటూ, చివరికి ఒక్క పదార్థం దగ్గర ఆగారు. తెలిసిన ముడిపదార్థాల్లో అలాంటిది లేదు. 2020 డిసెంబరులో దాని పేరు లోకానికి తెలిసింది: 6పీపీడీ-క్వినోన్.

టైరు రబ్బరును గాలిలోని ఓజోను పగలగొడుతుంది. పగలకుండా కాపాడటానికి 6పీపీడీ అనే రసాయనాన్ని అర్ధశతాబ్దికి పైగా కలుపుతున్నారు. అది రబ్బరుకంటే ముందు తానే ఓజోనుతో కలిసి రబ్బరును కాపాడుతుంది. అలా కలిసినప్పుడు పుట్టేదే ఈ క్వినోన్. లీటరు నీటిలో 95 నానోగ్రాములుంటే ఒక్కరోజులో కోహో పిల్లల్లో సగం చస్తాయని 2022లో సరిచూసిన లెక్క. అంటే కోటి లీటర్ల నీటికి ఒక గ్రాము కూడా అక్కర్లేదు. అదే కుటుంబానికి చెందిన చమ్ సాల్మన్ ఆ నీటిలో చలించకుండా ఈదుతుంది. అంత సూక్ష్మమైన విషయాన్ని ప్రజాధనంతో నడిచే పరిశోధన పట్టుకున్నది. టైరు అమ్ముకున్నవాళ్లు అర్ధశతాబ్దిలో పట్టుకోలేదు. పట్టుకోవలసిన అవసరం వాళ్లకు చట్టమూ కల్పించలేదు, లాభమూ కల్పించలేదు.

ఇప్పుడు మన విలాపవాది మాట పరీక్షిద్దాం. చేపను చంపింది మనిషి దురాశ అంటాడాయన. ఏ మనిషి? ఆ నదుల ఒడ్డున వేల ఏళ్లుగా సాల్మన్ తిని బతికిన ప్రజలున్నారు. వాళ్లూ మనుషులే, వాళ్లూ చేపలు పట్టారు, వాగులు చావలేదు. 1854, 1855 సంవత్సరాల్లో ప్రభుత్వం వాళ్లతో ఒప్పందాలు చేసుకుని కోట్ల ఎకరాలు తీసుకున్నది. పాత తావుల్లో చేపలు పట్టుకునే హక్కు మాత్రం వాళ్లు వదులుకోలేదు. ఆ హక్కు కాగితం మీద వుంది, ఏటి ఒడ్డున పోలీసులున్నారు. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ 1945లో పద్నాలుగేళ్ల వయసులో వల వేసినందుకు మొదటిసారి అరెస్టయ్యాడు. 2014లో చనిపోయేలోగా యాభైకి పైగా అరెస్టులు చూశాడు. 1960లన్నీ ఏటిలో పడవల మీద పోరాటమే. 1974లో జడ్జి బోల్ట్ పట్టదగిన చేపల్లో సగం వాటా తెగలదని తీర్పు చెప్పాడు. చేపే లేకపోతే సగం వాటాకు అర్థమేమిటని 2001లో ఇరవై ఒక్క తెగలు మళ్లీ కోర్టుకెక్కాయి. రోడ్ల కింద చేపలకు అడ్డమైన రాష్ట్ర ప్రభుత్వపు తూములు మార్చి తీరాలన్న కింది కోర్టు ఆజ్ఞ, 2018లో సుప్రీంకోర్టు చెరిసగం చీలటంతో, అలాగే నిలిచింది. ఈ చరిత్రనంతా మనిషి దురాశ అనే ఒక్క మాటలో పడవేస్తే నేరస్తుడికీ, బాధితుడికీ, పోరాడినవాడికీ ఒకే శిక్ష వేసినట్టౌతుంది. అందరూ దొంగలే ఐతే ఎవడూ దొంగ కాదు.

సాహిత్యపరులుగా మనం గమనించవలసిన సంగతి మరొకటి వున్నది. ఆ నగరానికి పేరిచ్చిన నాయకుడు సియాటిల్ భూమాతను గురించి చేశాడని ప్రపంచమంతా చదివే ఒక వుపన్యాసం వుంది. భూమి మనది కాదు, మనమే భూమికి చెందినవాళ్లం అనే ధోరణిలో సాగుతుంది. అంతగా ప్రచారమైన ఆ పాఠాన్ని టెడ్ పెర్రీ అనే రచయిత 1970ల మొదట్లో ఒక సినిమా కోసం రాశాడు. 1854లో సియాటిల్ ఏదో ప్రసంగించాడు. దాన్ని గురించి మొట్టమొదట అచ్చైన కథనమే 1887 నాటిది. రాజ్యం ఆయన నేల తీసుకున్నది, లోకం ఆయన నోట తన మాటలు పెట్టి ఏడ్చింది. ఆయన పేరు పెట్టుకున్న పట్నమే 1865లో ఇండియన్లు వూళ్లో కాపురముండరాదని శాసనం చేసింది. విలాప కవిత్వానికి ఆ శాసనం కనపడదు, కల్పిత వుపన్యాసం కనపడుతుంది. ఎందుకంటే వుపన్యాసం ఎవరినీ నిందించదు, శాసనం నిందిస్తుంది.

మరి అందరూ కార్లు నడుపుతున్నారుగదా, అందరి టైర్లూ అరుగుతున్నాయిగదా, అందరికీ పాపంలో వాటా లేదా? ఇది విలాపవాది రెండో ఆయుధం. సియాటిల్, రెడ్మండ్, బెల్లెవ్యూ ప్రాంతాల్లో మన తెలుగువాళ్లు వేలమంది వున్నారు, వాళ్ల కార్ల టైర్లూ ఆ వాగుల్లోకే అరుగుతున్నాయి. కాదనను. ఐతే ఆ కారు ఎక్కటం ఎంతవరకు వాళ్ల ఇష్టం? సియాటిల్‌లో ట్రాములుండేవి. 1941లో వాటిని ఎత్తివేశారు. 1968లో పట్టాల రవాణా కోసం ప్రజల వోటు అడిగితే సగానికి పైగా అవునన్నారు. కాని బాండ్లకు నూటికి అరవై కావాలన్న నిబంధన వుండటంతో అది ఓడిపోయింది. 1970లో మళ్లీ ఓడిపోయింది. తేలికపాటి రైలు 2009లోగాని పట్టాలెక్కలేదు. పనికి పోవటానికి వేరే దారి లేకుండా చేసి, కారెక్కినవాణ్ణి పాపి అనటం న్యాయమా? పైగా ఆ టైరులో ఏముందో కొన్నవాడికి తెలియదు. తెలియనివాడి అంతరాత్మ మీద నేరం మోపటం పురోహితుడి పని, విమర్శకుడి పని కాదు.

ఇక అభివృద్ధివాది. టైరు లేకుండా బస్సు లేదు, లారీ లేదు, ఆస్పత్రి బండి లేదు. 6పీపీడీ లేకపోతే టైరు పగిలి మనుషులు చస్తారు, కాబట్టి చేప చావాలి అంటాడాయన. ఈ వాదంలో మొదటి సగం నిజమే. దాన్ని తేలిగ్గా తీసివేయరాదు. రెండో సగం మొదటి సగంలోంచి పుట్టదు. ఓజోను నుంచి రబ్బరును కాపాడాలి అనేది సాంకేతిక సమస్య. ఆ కాపాడే వస్తువు వాగులోకి పోయినప్పుడు ఏమౌతుందో అమ్మకముందే చూడాలా, చేపలు చచ్చాక చూడాలా అనేది అధికార సమస్య. అమెరికాలో 1976లో విష రసాయనాల చట్టం వచ్చినప్పుడు, అప్పటికే వాడుకలో వున్న సుమారు 62,000 రసాయనాలను పరీక్షల రుజువు అడగకుండానే సాగనిచ్చారు. 2016లో ఆ చట్టాన్ని సవరించేదాకా పాతవాటిని సమీక్షించి తీరాలన్న నిర్బంధమే లేదు. దీన్ని అభివృద్ధి మూల్యం అనటం కంటే వ్యాపారి ఖర్చు పక్కవాడి ఖాతాలో రాయటం అంటే సరిపోతుంది. టైరు లాభం కంపెనీది. విషం వాగుది. దాన్ని వడగట్టే ఖర్చు నగరపాలక సంస్థది, అంటే వాననీటి రుసుము కట్టే ఇంటివాడిది, ఆ ఇంటివాడికి అద్దె కట్టేవాడిది.

నది చావు అనివార్యం కాదనటానికి అదే నగరంలో రుజువుంది. మురుగు కలిసి వాషింగ్టన్ సరస్సు నాచు పట్టిపోతున్నదని 1955లో ఎడ్మండ్సన్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ కనిపెట్టారు. కారణం మురుగులోని భాస్వరమని ఆయన జనానికి అర్థమయ్యేట్టు చెప్పాడు. 1958లో చుట్టుపక్కల వూళ్ల ప్రజలు మొదటిసారి కాదన్నా రెండోసారి వోటు వేసి వుమ్మడి సంస్థను ఏర్పరచుకున్నారు. 1963 నుంచి 1968 లోగా మురుగును సరస్సు నుంచి మళ్లించారు. సరస్సు తేటపడింది. నగరం చిన్నది కాలేదు, పెరిగింది. కారణం తెలిసి, పథకం వుండి, వుమ్మడిగా ఖర్చు పెడితే జరగదన్నది జరిగింది. ఐతే అప్పుడు మురుగుకు గొట్టాలున్నాయి, గొట్టం ఎవరిదో తెలుసు. టైరు పొడికి గొట్టం లేదు. రోడ్డంతా దాని గొట్టమే. అందుకే ఈసారి మూలానికి పోక తప్పదు.

ఇక్కడే నేను వాగుల మరమ్మతు వుద్యమాన్ని కూడా ఒక మాట అడగదలచాను. మట్టి వడపోత పనిచేస్తుంది, సందేహం లేదు. 2001లో సియాటిల్‌లో ఒక వీధిని సన్నం చేసి, పక్కన మొక్కల గుంటలు తవ్వితే ఆ వీధి వాననీరు దాదాపు పూర్తిగా అక్కడే ఇంకిపోయింది. అలాంటి వీధులు రావాలి. కాని గ్రాములకు గ్రాములు విషం పైన పోస్తూ, కింద ప్రజల డబ్బుతో గుంటలు తవ్వుకోమనటం తల నరికి తోకకు కట్టు కట్టటమే. స్వచ్ఛందంగా మొక్క నాటే విద్యార్థి మంచివాడు. అతని మంచితనాన్ని చూపి కంపెనీని ఎవరూ అడగకుండా తప్పించుకోనివ్వటం మంచితనం కాదు.

అడిగిందెవరు? మళ్లీ ఆ తెగలే. 2023 ఆగస్టులో యురోక్, పోర్ట్ గాంబల్ స్‌క్లాలమ్, ప్యుయాలప్ తెగలు టైర్లలో 6పీపీడీ వాడకాన్ని నిషేధించమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు అర్జీ పెట్టుకున్నాయి. నవంబరులో సంస్థ దాన్ని స్వీకరించింది, 2024 నవంబరులో నిబంధనలకు ముందు మెట్టుగా సమాచారం కోరుతూ ప్రకటన చేసింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2023 అక్టోబరు నుంచి ఈ రసాయనమున్న టైర్లకు బదులు మార్గాలు వెతికి చూపవలసిన బాధ్యత తయారీదారుల మీద పెట్టింది. ప్రత్యామ్నాయం లేదు, లేదు అన్న పరిశ్రమ చట్టం మెడ మీద చెయ్యి వేసిన తరవాత వెతకటం మొదలుపెట్టింది. సాంకేతిక శాస్త్రం తనంత తాను నడవదు, ఎవరో నడిపించాలి.

ఇంతదాకా నాతో ఏకీభవించిన మిత్రులు కొందరు, ఇంకేం, పెట్టుబడిదారీ వ్యవస్థ పోతే నదులు వాటంతటవే బాగుపడతాయి అనవచ్చు. నేను దాన్నీ ఒప్పుకోను. అరల్ సముద్రాన్ని ఎండగట్టింది ఏ టైరు కంపెనీ కాదు. 1960ల నుంచి పత్తి కోసం రెండు నదులను మళ్లించిన సోవియట్ పథకం. అక్కడి చేపల రేవులు ఎడారిలో మిగిలాయి. ఆస్తి వుమ్మడిదైనంత మాత్రాన సరిపోదు. నీటితో బతికేవాళ్లకు నిర్ణయంలో చోటుండాలి, శాస్త్రజ్ఞుడికి చేదునిజం చెప్పే స్వేచ్ఛ వుండాలి. పెట్టుబడిదారీ వ్యవసాయం కూలీనీ, నేల సారాన్నీ ఒకేసారి దోస్తుందని 1867లోనే రాసిన మార్క్స్‌కు, ప్రకృతి లెక్కలోకి రాని ముడిసరుకు కాదు. ఆయన శిష్యులమనుకునేవాళ్లకు టన్నుల లెక్క తప్ప మరో లెక్క రాకపోతే తప్పు ఆయనది కాదు.

అభ్యుదయ రచయితలకు ఇందులో పని వుంది. వాగు చచ్చింది అని రాయటం తేలిక. ఏ వానకు, ఏ రోడ్డు మీది నుంచి, ఏ వస్తువు వల్ల, ఎవరి లాభానికి చచ్చింది, ఎవరు అడ్డుకున్నారు అని రాయటం కష్టం. దానికి రసాయనశాస్త్రం చదవాలి, మునిసిపల్ బడ్జెట్ చదవాలి, కోర్టు తీర్పులు చదవాలి. మన విద్యార్థులు చేయగలరు, మన అధ్యాపకులు చేయించగలరు. కన్నీరు కార్చే కవికి పాఠకుడు సానుభూతి చూపి పడుకుంటాడు. కారణం చెప్పిన రచయిత పాఠకుణ్ణి నిద్రపోనివ్వడు. 6పీపీడీ-క్వినోన్ అనే మాట కవిత్వంలో ఇమడదని ఎవరైనా అంటే, ఇమడవలసింది కవిత్వమేనని నా సమాధానం. చేప దాని వల్లనే చచ్చింది మరి.